ముగ్గురు కలియు తావు: క్వాంటం విజ్ఞానమును గూర్చి ఖమ్మం, భద్రాచల సీమనుండి ఒక పరిశీలన

పరిశోధకుడు, పారిశ్రామికుడు, పాలకుడు – ఈ మువ్వురును ఒకచోట కూడినగాని నూతన విజ్ఞానము ప్రజోపయోగమునకు రాదను మాట ఇటీవల తరచుగా వినవచ్చుచున్నది. క్వాంటం విజ్ఞాన విషయమున ఈ మాటను మరింత నొక్కి చెప్పుచున్నారు. మాట సత్యమే. కాని కూడుట యననేమి, ఏ తావున కూడవలెను, కూడినవారు ఏ భాషలో మాటలాడుకొనవలెను అను ప్రశ్నలను అంత శ్రద్ధగా విచారించినట్లు కనబడదు. ఆ విచారణయే ఈ వ్యాసోద్దేశము. తెలుగు శాఖవారి పత్రికలో ఇట్టి విషయమునకు చోటెక్కడిదని కొందరు శంకింపవచ్చును. వ్యాసము చివరిభాగమున ఆ శంకకు సమాధానము చెప్ప యత్నించెదను.

మొదట విషయ స్వరూపమును తెలిసికొందము. 'క్వాంటం' లాటిను పదము. 'ఎంత' యని దాని యర్థము. 1900లో జర్మను శాస్త్రజ్ఞుడు మాక్స్ ప్లాంక్, శక్తి ఎడతెగని ధారవలె గాక విడివిడి మోతాదులుగా వెలువడునని ప్రతిపాదించెను. ఆ మోతాదునకు ఈ పేరు. తెలుగున కొందరు దీనిని 'గుళిక' యనిరి. మందుగుళిక స్ఫురించునను ఆక్షేపణ యున్నను, ఇంతకు తక్కువగా పంచుటకు వీలులేదను భావము ఆ మాటలో చక్కగా నిమిడియున్నది. వాడుకలో మాత్రము క్వాంటమే నిలిచినది గనుక నేనును దానినే గ్రహించుచున్నాను.

పరమాణువులు, ఎలక్ట్రానులు, కాంతికణములు మన కంటికగపడు వస్తువులవలె ప్రవర్తింపవు. ఒక పరమాణువు ఏకకాలమున రెండు మార్గములందు నడచినట్లుండును. ఆ మార్గములు మరల కలిసినప్పుడు నీటియలలవలె ఒకదానినొకటి పెంచుటయో అణచుటయో జరుగును. మన భౌతికశాస్త్ర పాఠ్యగ్రంథములలో మొదటి ధర్మమునకు అధ్యారోపణమనియు, రెండవదానికి వ్యతికరణమనియు పేర్లు. ఈ ధర్మములను పనిముట్లుగా మలచుకొనుటయే క్వాంటం సాంకేతిక విద్య. గణనము, వార్తాప్రసారము, సూక్ష్మమాపనము, వాటికి వలయు పదార్థముల నిర్మాణము అని దానియందు నాలుగు శాఖలను చెప్పుకొనవచ్చును. లోకమున పేరు మ్రోగుచున్నది గణనము. ఈ వ్యాసమున మాపనమునకు ఎక్కువ చోటిచ్చితిని; కారణము ముందు తెలియగలదు.

భారత ప్రభుత్వపు మంత్రివర్గము 2023 ఏప్రిల్ 19న జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించినది. 2030–31 వరకు దీనికై 6,003.65 కోట్ల రూపాయలు నిర్ణయింపబడినవి. 2024లో నాలుగు శాఖలకు నాలుగు కేంద్రములను ప్రకటించిరి: గణనమునకు బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, ప్రసారమునకు మద్రాసు ఐ.ఐ.టి., మాపనమునకు బొంబాయి ఐ.ఐ.టి., పదార్థములకు ఢిల్లీ ఐ.ఐ.టి. ఈ నాలుగింటిలో ఒక్కటియు తెలుగునేలపై లేదు. హైదరాబాదు ఐ.ఐ.ఐ.టి.లో ఈ విద్యకొక పరిశోధన కేంద్రము కలదు.

ఇంతలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము వేరొక త్రోవ త్రొక్కినది. 2025 మే 2న ఐ.బి.ఎం., టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థలతో కలిసి అమరావతిలో 'క్వాంటం వ్యాలీ'ని నెలకొల్పనున్నట్లు ప్రకటించినది. 156 క్యూబిట్ల 'హెరాన్' ప్రాసెసరు గల ఐ.బి.ఎం. యంత్రమును అచ్చట స్థాపించుట ఆ యోజనలోని ముఖ్యాంశము. లార్సెన్ అండ్ టూబ్రో సంస్థయు అందు చేరినది. అదే సంవత్సరము జూన్ 30న విజయవాడలో ఒక సదస్సు జరిగెను. దాని ఫలముగా 'అమరావతి క్వాంటం ప్రకటన' వెలువడినది. ఆ 2025వ సంవత్సరమునే ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ క్వాంటం సంవత్సరముగా జరిపినది.

ఇది యంత్రమును ముందు తెచ్చి, ప్రశ్నలను దానియొద్దకు రప్పించు పద్ధతి. ఇట్టి యంత్రమును సున్న డిగ్రీకి 273 డిగ్రీల దిగువ, అనగా పరమశూన్యమునకు అతి చేరువలో నుంచవలెను. ఏ కొంచెము కదలికకైనను, వేడిమికైనను లెక్క చెడును. ఏ కళాశాలయు తనంత తాను దానిని కొనజాలదు. ఒకచోట స్థాపించి పదిమందికి దూరమునుండి వాడుకొను వీలు కల్పించుట వివేకమే. అయినను ఒక చిక్కు కలదు. యంత్రమును అడుగదగిన ప్రశ్న దానితో కూడ ఓడలో రాదు. ప్రశ్నను ఇచ్చటి పరిశ్రమయో, ఇచ్చటి జీవనమో పుట్టింపవలెను.

ఒకప్పుడు ఈ మూడు లోకములను ఒక్క వ్యక్తియే కలిపిన సందర్భములు మనకు లేకపోలేదు. సూరి భగవంతము రామన్ యొద్ద పరిశోధన చేసి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్యుడై, టి. వెంకటరాయుడుతో కలిసి సమూహ గణితమును భౌతిక సమస్యలకు అన్వయించు గ్రంథమును 1948లో వెలువరించెను. అణువుల కంపనములను సౌష్ఠవము ద్వారా వర్గీకరించు ఆ విద్య నేటి క్వాంటం విజ్ఞానమునకు పునాదులలో నొకటి. ఆయనయే పిదప ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు, బెంగుళూరు విజ్ఞాన సంస్థకు సంచాలకుడు, రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు. నేడు విజ్ఞానము అంతగా శాఖోపశాఖలైనందున అట్టి ఏకవ్యక్తి వారధిని ఆశింపరాదు. అందువలన సంస్థలు కలియు విధానమునే పరిశీలింపవలసియున్నది. దానికి దృష్టాంతమును దూరదేశములలో వెదుకనక్కరలేదు. గోదావరి యొడ్డుననే యున్నది.

భద్రాచలమునకెదురుగా నది దక్షిణపు గట్టున సారపాక యను నూరు కలదు. 1975లో ఏర్పడిన భద్రాచలం పేపర్ బోర్డ్స్ సంస్థ అచ్చట అట్టకాగితపు మిల్లును నెలకొల్పెను. 1979లో ఉత్పత్తి మొదలైనది; 2002లో ఆ సంస్థ ఐ.టి.సి.లో విలీనమైనది. మిల్లునకు వలయు వెదురును కర్రయును తొలుత ప్రభుత్వారణ్యములనుండి వచ్చుచుండెను. అడవి తరుగుచుండగా సరఫరా సన్నగిల్లెను. 1982 ప్రాంతమునుండి సంస్థవారు రైతుల పొలములలో జామాయిల్ తోటలను ప్రోత్సహింప నారంభించిరి.

జామాయిల్ అను మాటను గూర్చి ఒక చిన్న ప్రస్తావన చేయక తప్పదు. గ్రంథములలో యూకలిప్టస్ అనియు, కొన్నిచోట్ల నీలగిరి యనియు వాడుదురు గాని, ఖమ్మం సీమ రైతునకు అది జామాయిలే. బెరడు పొరలూడి జామ మానువలె నునుపుగా నుండుట, ఆకునుండి తైలము వచ్చుట – ఈ రెంటిని జతచేసి జనులు కల్పించుకొన్న పేరని నాకు తోచుచున్నది. ఆస్ట్రేలియానుండి వచ్చిన చెట్టునకు పండితుల సాయము లేకయే పేరు కుదిరినది.

విత్తనమునుండి మొలచిన జామాయిల్ మొక్కలు ఒకదానివలె నొకటి యుండవు. ఒకే చేనిలో ఒక చెట్టు నిటారుగా ఏపుగా పెరుగును. దాని ప్రక్కది గిడసబారి నిలుచును. ఏటికి హెక్టారునకు 6 నుండి 10 ఘనపు మీటర్ల కర్ర మాత్రము వచ్చుచుండెను. రైతునకది గిట్టుబాటు కాదు. ఆ తరుణమున 1988 నాటి జాతీయ అటవీ విధానము వెలువడినది. అడవిపై నాధారపడు పరిశ్రమలు తమకు వలయు ముడిసరకును రైతులతో నేరుగా సంబంధము పెట్టుకొని పెంచుకొనవలెననియు, వారికి ఋణము, సాంకేతిక సలహా, రవాణా మున్నగు సహాయము లందింపవలెననియు ఆ విధానము నిర్దేశించినది. అనగా పాలకుడు అడవి తలుపును కొంత మూసి, పొలము వైపు త్రోవ చూపెను. మిల్లునకు పరిశోధకుని యవసరము అప్పుడు నిజముగా గలిగినది.

1989లో సారపాకలో శాఖీయ ప్రవర్ధన పరిశోధన ఆరంభమైనది. దీనిని నడపినవాడు డాక్టరు ప్యారేలాల్. పద్ధతి క్రొత్తది కాదు. బ్రెజిల్‌లోని ఆరక్రూజ్ సంస్థ శాస్త్రజ్ఞులు దీనిని విరివిగా సాధించి 1984లో మార్కస్ వాలెన్‌బర్గ్ బహుమానము పొందిరి. కాని బ్రెజిల్ చెట్టు మన నేలకు పనికివచ్చునని నమ్మరాదు. అందువలన ఇచ్చటి తోటలలోనే ఎత్తు, లావు, నిటారు, రోగనిరోధము గల మేటి చెట్లను ఏరిరి. ఎంచిన చెట్టును నరికినచో మోటునుండి లేతచిగుళ్లు వచ్చును. ఆ కొమ్మలను రెండాకులతో తునుకలు చేసి, వేరు పుట్టించు మందులో ముంచి, నీటియావిరి నిండిన గదిలో నుంతురు. వేరు తొడిగిన పిదప మెల్లగా ఎండకు అలవాటు చేయుదురు. ఇట్లు వచ్చిన మొక్కలన్నియు తల్లిచెట్టు ప్రతిరూపములు. వీనినే 'క్లోను'లనిరి, 3, 7, 413 అని అంకెలతోనే వాటిని వ్యవహరించిరి. భద్రాచలం క్లోనులను పేరు దేశమంతట వ్యాపించినది. 1992నుండి ఇవి రైతుల పొలములకు చేరెను. దిగుబడి సగటున 20 నుండి 25 ఘనపు మీటర్లకు పెరిగెను. నాలుగైదేండ్లకొకమారు నరకుట, మోటునుండి మరల చిగుర్చుట – ఇట్లు ఒక్క నాటుతో రెండు మూడు కోతలు.

ఇచ్చట ముగ్గురును కలిసిన తావును గమనింపవలెను. అది ఒక నారుమడి. పరిశోధకుడు వేరూనిన తునుకలను లెక్కించును. మిల్లువారు కర్రను తూచుదురు. ప్రభుత్వము అడవిలో మిగిలిన వెదురును చూచుకొనును. ఒకరి ఫలితమును మరియొకరు తమ కొలతతో పరీక్షింప వీలున్నది. నాలుగవవాడైన రైతు సైతము గట్టుపై నిలుచుండి తన విత్తనపు మొక్కను క్లోనుతో పోల్చి చూడగలిగెను. అనువాదకుని యక్కర లేకపోయెను.

అయినను ఈ వృత్తాంతమును కేవలము విజయగాథగా చెప్పుట న్యాయము కాదు. బ్యాంకు ఋణము పట్టాను అడుగును. పోడు చేయు కోయకుటుంబమునకు పట్టా యెక్కడిది? ఈ సీమలో అధికభాగము షెడ్యూల్డు ప్రాంతము. గిరిజనుల భూమి అన్యుల చేతులకు పోకుండ 1959 నాటి నిబంధనయు, దానిని సవరించిన, జనవ్యవహారమున '1/70 చట్టము'గా ప్రసిద్ధమైన 1970 నిబంధనయు కలవు. అడవి భూమిని సాగు చేయువారి హక్కును గుర్తించిన చట్టము 2006లో గాని రాలేదు. కావున తొలినాళ్ల క్లోనుల లాభము పత్రములు గలవారికే ముందుగా అందెనని ఊహించుటకు కష్టము లేదు. మరియొకటి: ఒకే తల్లిచెట్టు ప్రతిరూపములు వేల ఎకరములందున్నచో ఒకే పురుగు అన్నిటిని పట్టగలదు. 2001 తరువాత దక్షిణ భారతమున ఆకుకాడలపై బుడిపెలు పుట్టించు లెప్టోసైబి యను చిన్న కందిరీగజాతి కీటకము వ్యాపించినపుడు ఇది అనుభవమునకు వచ్చినది. నీటివాడకమును గూర్చియు, తిండిపంటల నేలను గూర్చియు విమర్శలు నేటికిని సాగుచున్నవి. ఈ లోపము లన్నింటిలో ఒక పోలిక కలదు. ప్రశ్న మిల్లు వైపునుండి వేయబడినది గనుక మిల్లునకు వలసిన సమాధానము బాగుగా వచ్చెను. మిగిలినవారి ప్రశ్నలు వెనుకబడెను.

ఈ దృష్టితో మరల క్వాంటం విద్యను చూతము. ఈ సీమకు దానితో సహజముగా నేర్పడగల సంబంధమేది? నా యభిప్రాయమున అది గణనయంత్రముతో గాక, భూమి లోపలి ఖాళీలను పసిగట్టు పరికరముతో నేర్పడును. 1871లో భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లందు ప్రాంతమున బొగ్గును కనుగొన్నది మొదలు ఈ నేల క్రింద త్రవ్వకములు సాగుచునే యున్నవి. 1920లో సింగరేణి కాలరీస్ అను పేరు వచ్చినది. దాని ప్రధాన కార్యాలయము కొత్తగూడెము. బొగ్గు తీసిన తావు కొంత పూడ్చబడును, కొంత కూలును, కొంత నీటితో నిండియుండును. పాత త్రవ్వకముల పటములు అన్నియు సరిగా నుండునని చెప్పజాలము. ఇది లోకమంతటను గనులున్న దేశములకు గల చిక్కు.

ఈ చిక్కు ప్రాణములతో ముడిపడినది. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ సమీపమున చస్నాలా గనిలోనికి పైనున్న పాత త్రవ్వకముల నీరు విరుచుకొనిపడి 370కి పైగా కార్మికులు మృతిచెందిరి. 2002లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున క్వీక్రీక్ గనిలో, పటము తప్పైనందున, విడిచిపెట్టిన గని గోడకు రంధ్రము పడి నీరు చొచ్చెను. తొమ్మండుగురు కార్మికులు లోపల చిక్కుకొని, అదృష్టవశమున బ్రతికి బయటపడిరి. ఆ మరుసటి సంవత్సరము జూన్‌లో సింగరేణిలోనే, గోదావరిఖని 7 ఎల్.ఇ.పి. గనిలోనికి నీరు చొచ్చి 17 మంది మరణించిరి. నేల లోపల ఎచ్చట ఖాళీ యున్నదో, ఎచ్చట నీరున్నదో పైనుండి తెలిసికొను మార్గమేదైన నున్నచో దానికంటె ఈ సీమకు కావలసిన విద్య మరియొకటి యుండునా?

మార్గమున్నది, కొంతవరకు మాత్రమే. నేలలో ఖాళీ యున్నచోట ద్రవ్యరాశి తక్కువ గనుక గురుత్వాకర్షణ లేశమాత్రము తగ్గును. దానిని కొలుచుటకు రుబీడియం పరమాణువుల మబ్బును లేసరు కాంతితో మిక్కిలి చల్లార్చి జారవిడుతురు. జారుచున్న మబ్బును కాంతి స్పందనములతో రెండు మార్గములుగా చీల్చి మరల కలుపుదురు. కలిసినపుడు గలుగు వ్యతికరణమును బట్టి పరమాణువు ఎంత త్వరణముతో పడినదో తెలియును. కాని వీథిలో బండి పోయినను నేల అదరును, లెక్క చెడును. దీనికై ఒకదానిపై నొకటిగా రెండు మబ్బులను జారవిడిచి వాని భేదమును మాత్రము గ్రహింతురు. అదురు రెంటికిని సమానము గనుక కొట్టివేయబడును. నేలలోని ఖాళీ ప్రభావము క్రింది మబ్బుపై ఎక్కువ గనుక మిగులును. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయమువారు ఇట్టి పరికరముతో రోడ్డు క్రింద పాతిపెట్టబడిన, రెండు మీటర్ల వెడల్పు రెండు మీటర్ల ఎత్తు గల సొరంగమును గుర్తించి, 2022 ఫిబ్రవరిలో 'నేచర్' పత్రికలో ప్రకటించిరి. ఆ పనికి బ్రిటిషు ప్రభుత్వము 2014లో ఆరంభించిన జాతీయ క్వాంటం కార్యక్రమము తోడ్పడినది; భూపరీక్షలు జరుపు ఆర్.ఎస్.కె. యను సంస్థ భాగస్వామిగా నుండెను. మూడు పక్షములును అచ్చట ఒక గోతి యొద్ద కలిసినవనవచ్చును.

ఉత్సాహమునకు ఒక హద్దు చెప్పవలసియున్నది. బర్మింగ్‌హామ్ సొరంగము నేలకు అతి సమీపమున నున్నది. లోతు పెరిగిన కొలది ఈ సంకేతము మిక్కిలి వేగముగా క్షీణించును. వందల అడుగుల లోతుననున్న ఖాళీని నేటి పరికరము పట్టునని నేను చెప్పుట లేదు. ఎంత లోతు వరకు, ఎంత వైశాల్యము గల ఖాళీ, నీటితో నిండినదైనచో ఎంత తేడా – ఈ ప్రశ్నలను సరిగా వేయగలిగినదే ఈ సీమ. కొత్తగూడెములోని గని విద్యాకళాశాల 2025లో డాక్టరు మన్మోహన్ సింగ్ భూవిజ్ఞాన విశ్వవిద్యాలయముగా పెంపొందినది. మాపన శాఖకు కేంద్రము బొంబాయి. సింగరేణి సంస్థలో తెలంగాణ ప్రభుత్వమునకు 51, కేంద్ర ప్రభుత్వమునకు 49 పాళ్లు. అనగా ఇచ్చట పారిశ్రామికుడును పాలకుడును ఒకే యింటివారు. వెలుపల నున్నవాడు పరిశోధకుడొక్కడే. అమరావతి పక్షమువారికిని ఇందు పని కలదు: కొలతలనుండి నేల లోపలి రూపమును తిరిగి గణించుట పెద్ద లెక్క. కాని ఈ సీమను రాష్ట్రపు టెల్లలు పలుమారులు చీల్చినవి. భద్రాచలము 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలోనిది. 2014లో పోలవరము ముంపు మండలములు ఆంధ్రప్రదేశ్‌లోనికి పోయెను. కృష్ణయొడ్డున నొక ప్రభుత్వమును, గోదావరి గనులపై నొక ప్రభుత్వమును వేర్వేరు ప్రకటనలు చేయుచున్నంత కాలము ఈ లెక్కకు కూడిక యుండదు.

ఇక భాష మాట. గనికి సింగరేణి సీమలో 'బొగ్గుబాయి' యని పేరు. నీటికై త్రవ్వినదియు బాయియే, బొగ్గుకై త్రవ్వినదియు బాయియే. ఇది పండితునకు ఒక మాండలిక విశేషముగా మాత్రమే కనబడును. కాని కొలత పరికరమును ఏ చేను గట్టున నిలుపవలెనని నిర్ణయించువానికి ఇది సమాచారము. ఊరి పెద్ద 'అక్కడ బాయి ఉండేది' అన్నప్పుడు అది ఏ బాయియో తెలియక పోయినచో పటము చెడును. పాత గుంతల జాడలు, కూలిన నేలల పేర్లు, ఏ వానకు ఎక్కడ ఇంకినదన్న జ్ఞాపకములు పటముల కెక్కక జనుల నోటనే నిలిచిపోవుట సహజము. వాటిని సేకరించు విద్య మనది. భద్రిరాజు కృష్ణమూర్తి ఊరూరను రైతుల మాటలను పోగుచేయించి 1962లో మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటమును వెలువరించెను; చేనేత సంపుటము 1971లో వచ్చినది. ఆ విధానమును బొగ్గుగనులకు అన్వయించిన పరిశోధన మన శాఖలనుండి రావలసియున్నది.

రెండవ పని పరిభాష. 1968లో స్థాపింపబడిన తెలుగు అకాడమి భౌతికశాస్త్రమునకు పదములు కూర్చి పాఠ్యగ్రంథములు వెలువరించినది. వ్యతికరణము వంటి మాట విద్యార్థికి పరిచితమైనది అట్టి కృషివలననే. క్వాంటం మాపనమునకు, గణనమునకు ఇంకను స్థిరపడిన తెలుగు లేదు. ఇందు నా మతము సంస్కృత సమాసములను విరివిగా కల్పింపవలెనని కాదు. క్యూబిట్, లేసరు వంటివి అట్లే యుండనిండు. కాని 'ఈ పరికరము ఇంత లోతు వరకే నమ్మదగినది, ఇంతలో ఇంత తప్పు రావచ్చును' అను వాక్యము గని కార్మికునకు బోధపడు తెలుగున వ్రాయబడవలెను. తప్పు పాలును చెప్పు భాష మనకు మిక్కిలి బలహీనముగా నున్నది. 'సుమారు', 'దాదాపు', 'ఇంచుమించు' అను మూడు మాటలను ఒకదానికి బదులొకటిగా వాడుచున్నాము. గనిలో ఆ మూటికిని నడుమ నొక గోడ మందము తేడా యుండవచ్చును.

కోయమాటను గూర్చి సైతము చెప్పవలసియున్నది. అది తెలుగునకు మాండలికము కాదు; గోండికి దగ్గరైన ద్రావిడభాష. మణుగూరు, ఇల్లందు పరిసరముల అడవిపల్లెలలో వాగునకు, దిబ్బకు, ఊటకు గల పేర్లను తెలుగున విచారించి వ్రాసికొన్నచో సగము పోవును. ఈ పనికి కోయ తెలిసిన విద్యార్థినే నియమింపవలెను. అట్టివారు నేడు మన తరగతులలోనే యున్నారు. ఇల్లందుతో ప్రారంభించుట మేలు. అది అన్నిటికంటె పాత త్రవ్వకముల చోటు. త్రవ్వకములు నేలకు చేరువ, పరికరపు హద్దులోనికి రాదగినవి. రెండు వేసవి సెలవులలో నలుగురు విద్యార్థులు ఆ సీమ పదపట్టికను సిద్ధపరుపగలరు. దానికి ఒక ప్రతి మన గ్రంథాలయమునకు, ఒక ప్రతి కొత్తగూడెము విశ్వవిద్యాలయమునకు, ఒకటి సింగరేణి సర్వే కార్యాలయమునకు పంపవలెను; నాల్గవ ప్రతి ఆ మాటలు చెప్పిన పల్లెలలో నుండవలెను.